వస్తువుకు బొమ్మ, పనికి మాట

2009 సెప్టెంబరులో, లినక్స్ కంప్యూటర్లకు తెర రూపాన్నిచ్చే గ్నోమ్ 2.28 వచ్చినప్పుడు దాన్ని వాడేవాళ్ళకు మెనూ తెరవగానే తేడా తెలిసింది. ఆదేశాల పక్కన అంతవరకూ ఉన్న చిట్టి బొమ్మలు చాలావరకు పోయి, మాటలు మిగిలాయి. సరిగ్గా 16 ఏళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, ఆపిల్ తన మాక్ కంప్యూటర్లకు ‘టాహో’ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చింది. అక్కడ జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. నాలుగు దశాబ్దాలుగా ప్రధానంగా మాటలతోనే నడిచిన మాక్ మెనూల్లో ఇప్పుడు దాదాపు వరుస వరుసకీ ఒక గుర్తు వచ్చి చేరింది. ఒకరు తీసేశారు, ఇంకొకరు పెట్టారు. ఇద్దరూ చూసుకున్నది వాడేవాళ్ళ సౌకర్యాన్నే.

మెనూలో ఐకాన్ సాయమా, అడ్డంకా అన్న ఈ వాదన పైకి డిజైనర్ల ఇంటి గొడవలా కనిపిస్తుంది. నిజానికి అందరిదీ. కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్టు తీయాలన్నా, పింఛను పడిందో లేదో చూడాలన్నా ఇవాళ ఏదో ఒక మెనూ దాటి వెళ్ళాల్సిందే. అక్కడ చిక్కుకుపోయిన మనిషి తనకే తెలివి చాలదనుకుంటాడు గానీ మెనూ బాగాలేదని అనుకోడు. అందుకే ఈ ప్రశ్నను మొదటినుంచీ తిరగేసి చూడాలి.

ఐకాన్ అన్న మాటను కంప్యూటర్ రంగంలోకి తెచ్చినవాడు డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్. 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో దాన్ని వాడాడు. తర్వాత జిరాక్స్‌లో చేరి, 1981లో మార్కెట్‌లోకి వచ్చిన ‘స్టార్’ కంప్యూటర్ రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ఆ యంత్రం తెరమీద కాగితం, ఫోల్డరు, ప్రింటరు, వచ్చిన ఉత్తరాల ట్రే, పంపాల్సిన ఉత్తరాల ట్రే అన్నీ బొమ్మలే. ఐతే ఐకాన్లకు పుట్టిల్లయిన ఆ యంత్రంలోనే పనులకు బొమ్మలు లేవు. మూవ్, కాపీ, డిలీట్, అన్‌డూ, హెల్ప్ అన్నవి కీబోర్డు మీద అక్షరాల్లో అచ్చువేసిన మీటలు. ఏ వస్తువు కావాలో బొమ్మ చూసి ఎంచుకోవాలి, దాన్ని ఏం చేయాలో మాట చదివి నొక్కాలి. 1984లో వచ్చిన మాకింటాష్ కూడా ఈ విభజననే పాటించింది. డిజైనర్ సూసన్ కేర్ గీసిన ఫ్లాపీ, చెత్తబుట్ట లాంటి బొమ్మలు తెరమీద ఉండేవి. పైపట్టీలోని ఫైల్, ఎడిట్, వ్యూ, స్పెషల్ మెనూలు తెరిస్తే ఉన్నది మాటలు.

ఈ చర్చ మొత్తానికీ కీలకం ఆ విభజనే అని నా నమ్మకం. వస్తువుకు ఆకారం ఉంటుంది కాబట్టి ప్రింటరును గీస్తే ప్రింటరే కనిపిస్తుంది. ‘ఇంకో పేరుతో భద్రపరచు’ అన్న పనికి ఆకారం ఏది? ‘ఉన్నచోటల్లా మార్చు’ అన్నదాన్ని ఎలా గీస్తారు? గీసేదంతా పక్కనుంచి ఇచ్చే సూచనే. వంపు తిరిగిన బాణాన్నే తీసుకోండి. ఒక యాప్‌లో అది చేసిన పనిని వెనక్కి తీసుకోవడం. ఈమెయిల్‌లో జవాబు రాయడం. బ్రౌజర్‌లో పేజీని మళ్ళీ తెరవడం. ఫొటోలో బొమ్మను తిప్పడం. ఇంకోచోట పాత సెట్టింగులకు పోవడం. గీత కాస్త ఎటు వంగింది, వలయం ఎంత మూసుకుంది, కొస ఎటు చూస్తోంది అన్నదాన్ని బట్టి మనిషి అర్థం తేల్చుకోవాలి. అదీ 16 పిక్సెళ్ళ జాగాలో.

మనిషి చూపు గురించి తెలిసిన సంగతులు కూడా ఇటే మొగ్గుతాయి. వస్తువు బొమ్మను చూసి పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో, అదే పేరును అక్షరాల్లో చదవడానికి ఎంతసేపు పడుతుందో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ మెకీన్ కాటెల్ 1886లోనే కొలిచాడు. చదవడమే త్వరగా అయింది. 1975లో మేరీ పాటర్, బార్బరా ఫాకనర్ ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీన్ని ఇంకాస్త విడమర్చింది. పేరు చెప్పడంలో మాటదే స్పష్టమైన పైచేయి. అది ఏ కోవకు చెందిన వస్తువో తేల్చడంలో మాత్రం బొమ్మ కొద్దిగా ముందుంది. చదువు వచ్చినవాడికి అలవాటైన మాటను చదవడం పనిలా అనిపించదు, చూపు పడగానే అయిపోతుంది. మెదడు బొమ్మను అక్షరాలకన్నా 60 వేల రెట్లు వేగంగా గ్రహిస్తుందని ప్రజెంటేషన్లలో తరచూ చూపిస్తుంటారు. ఆ అంకెకు ఆధారంగా చూపదగ్గ పరిశోధన ఏదీ లేదు. డిజైన్ నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ దాన్ని నిజమన్నట్టు చెప్పడం బాధాకరం.

మరి మెనూల మీద నేరుగా చేసిన ప్రయోగాలు? వాటిలో రెండు ఈనాటికీ చూడదగ్గవి. 1991లో చార్లెస్ కాక్‌మార్, జేన్ కేరీ అనే పరిశోధకులు మాటలే ఉన్న మెనూ, బొమ్మలే ఉన్న మెనూ, రెండూ కలిసిన మెనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తప్పులు మాత్రం రెండూ కలిసినచోట తగ్గాయి. 1999లో సూసన్ వీడెన్‌బెక్ ఇదే మూడు రకాలను బటన్ల మీద ప్రయత్నించింది. బొమ్మలు మాత్రమే ఉన్నవాళ్ళు మొదట్లో బాగా తడబడ్డారు. మాట ఉన్నవాళ్ళు, బొమ్మ తోడున్నా లేకున్నా, నెట్టుకొచ్చారు. వాడటానికి ఏది సులువుగా అనిపించిందంటే రెండూ ఉన్నదాన్నే జనం మెచ్చుకున్నారు.

ఐకాన్లను సమర్థించేవాళ్ళు ఈ ఫలితాలనే తమ పక్షాన చూపిస్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. మాట పక్కన మంచి బొమ్మ ఉంటే మేలే. ఐతే మెనూలో 20 వరుసలుంటే ఇరవయ్యింటికీ ఏదో ఒక గుర్తు తగిలించి తీరాలనుకుంటే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చర్చ పదే పదే తప్పుదారి పడుతోంది.

అసలు మెనూలోకి బొమ్మలు ఎందుకొచ్చాయి? దీనికి మంచి కారణమే ఉంది. 1997 నాటి మైక్రోసాఫ్ట్ ఆఫీసులో టూల్‌బార్ నిండా మాటల్లేని బటన్లుండేవి. అదే పని మెనూలోనూ ఉండేది. మెనూలో ఆ మాట పక్కన టూల్‌బార్ బటన్ మీది బొమ్మనే పెట్టారు. మెనూకు వచ్చినప్పుడల్లా మనిషి ఆ జతను చూస్తాడు, కొన్నాళ్ళకు బొమ్మ అర్థం వంటబడుతుంది, ఆ తర్వాత మెనూతో పనిలేకుండా నేరుగా బటన్ నొక్కుతాడు. బొమ్మ ఇక్కడ మాటను వివరించడం లేదు. మాటే బొమ్మను నేర్పుతోంది. వరుసకు కుడికొసన రాసే కీబోర్డు షార్ట్‌కట్ చేసే పని కూడా ఇదే. తెలుగు ప్రెస్సుల్లో పేజ్‌మేకర్ మీద ఏళ్ళ తరబడి పేజీలు పెట్టిన డీటీపీ ఆపరేటర్లు మెనూ తెరవనే తెరవరు, వేళ్ళకే అన్నీ తెలుసు. వాళ్ళకు ఆ విద్య నేర్పింది మెనూ కొసన ఉన్న ఆ నాలుగు అక్షరాలే.

ఈ కారణం వర్తించాలంటే ఆ బొమ్మ మెనూ బయట ఇంకెక్కడో మనిషికి ఎదురుపడాలి. టూల్‌బార్‌లో ఎప్పటికీ రాని ఆదేశానికి బొమ్మ నేర్పి ప్రయోజనం ఏముంది? గూగుల్ డాక్స్ 2022లో మెనూలకు ఐకాన్లు విరివిగా చేర్చింది. టాహో ఇంకా ముందుకు వెళ్ళింది. ఆ బొమ్మల్లో చాలా వాటిని మనిషి మెనూలో తప్ప మరెక్కడా చూడడు.

అంతమాత్రాన నష్టమేముంది, ఇష్టముంటే చూస్తారు లేకపోతే లేదు కదా అనవచ్చు. నష్టం ఉంది. 1933లో హెడ్‌విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు చూపిన సంగతి ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకెక్కింది: ఒకేలాంటివాటి మధ్య వేరుగా ఉన్నదే మనసులో నిలుస్తుంది. మెనూలో రెండు మూడు ఆదేశాల పక్కనే బొమ్మ ఉంటే కన్ను అక్కడికి చటుక్కున పోతుంది. అన్నింటికీ ఉంటే ఏదీ ప్రత్యేకం కాదు, పైగా మాట మొదటి అక్షరం దగ్గరికి చేరేలోగా కన్ను ఒక బొమ్మను దాటాలి.

గుర్తులు ఒకదాన్నొకటి పోలి ఉంటే ఎంత గొడవో తెలంగాణ ఓటర్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నిక జరిగినప్పుడు రోడ్డు రోలరు, చపాతీ కర్ర లాంటి గుర్తులు తమ కారు గుర్తులా కనిపించి ఓటర్లను తికమక పెడుతున్నాయని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది, హైకోర్టు దాకా వెళ్ళింది. రోడ్డు రోలరు గుర్తు వచ్చిన అభ్యర్థికి దాన్ని మార్చి వేరేది ఇచ్చినందుకు రిటర్నింగ్ అధికారినే తప్పించారు. ఇలాంటి గుర్తులు చూడగానే ఒకే తీరుగా కనబడతాయన్నది ఆ ఫిర్యాదు సారం. మెనూ ఐకాన్లూ నేడు ఒకే మందం గీతతో, ఒకే రంగులో, ఒకే కొలతలో తయారవుతున్నాయి. అందంగా ఉన్న ఆ ఏకరూపతే వాటిని విడివిడిగా గుర్తుపట్టనివ్వడం లేదు. ఇంకో తేడా కూడా గమనించాలి. ఎన్నికల గుర్తును గోడలమీద, జెండాలమీద, పాటల్లో ఏళ్ళ తరబడి జనానికి నేర్పుతారు. ఇన్ని చేసినా బ్యాలెట్ మీద గుర్తు ఒక్కటే ఉండదు, పక్కన అభ్యర్థి పేరుంటుంది, ఇప్పుడు ఫొటో కూడా ఉంటోంది. సాఫ్ట్‌వేర్ ఐకాన్‌కు ప్రచారమూ లేదు, చాలాచోట్ల పక్కన పేరూ లేదు.

పేరు తీసేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడాలంటే 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 చాలు. ఫైలు మీదో ఫోల్డరు మీదో మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో ఒక కొసన అడ్డంగా కొన్ని గుర్తులు: కత్తెర, ఒకదాని మీద ఒకటి రెండు కాగితాలు, అట్టకు తగిలించిన కాగితం, పెట్టెలో ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం, బయటికి పోయే బాణం, చెత్తబుట్ట. అంతకుముందు కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ అని చక్కగా నిలువు వరుసలో ఉన్న మాటలు పోయి వాటి జాగాలో ఇవొచ్చాయి. కత్తెర, చెత్తబుట్ట సరే. కాపీకీ పేస్టుకీ రెండూ కాగితాలే కాబట్టి ఒక్క క్షణం ఆగి చూడక తప్పదు. అదీగాక ఆ వరుస ఒక్కచోట ఉండదు. తెర పైభాగంలో నొక్కితే మెనూ నెత్తిన, కిందిభాగంలో నొక్కితే మెనూ అడుగున కనబడుతుంది. చేతికి దగ్గరగా ఉండాలని అలా చేశారు. కానీ రోజూ వాడే మెనూలో మనిషి బొమ్మనూ చూడడు, మాటనూ చదవడు. ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అక్కడికే పోతాడు. చోటు మారితే ఆ జ్ఞాపకం వృథా. 2024లో వచ్చిన 24హెచ్2 రూపంలో మైక్రోసాఫ్ట్ ఆ గుర్తుల కింద మళ్ళీ మాటలు చేర్చింది.

విచారించాల్సిన సంగతేమిటంటే, ఈ పాఠం ఆ సంస్థకు ఎప్పుడో తెలుసు. ఔట్‌లుక్ తొలి రూపాల్లో టూల్‌బార్ మీద బొమ్మలే ఉండేవి, నిపుణులు తప్ప ఎవరూ వాటి జోలికి పోయేవారు కాదు. బొమ్మలు మార్చి చూశారు, వరుస మార్చి చూశారు, ఫలితం లేదు. చివరికి ముఖ్యమైన బటన్ల పక్కన మాటలు రాశారు. అందరూ వాడటం మొదలుపెట్టారు. ఆఫీస్ 2007 రూపకల్పనకు నాయకత్వం వహించిన జెన్సన్ హారిస్ స్వయంగా చెప్పిన సంగతి ఇది.

ఆపిల్ కథ కూడా ఇలాంటిదే. 1992లో ఆ సంస్థ అచ్చువేసిన డిజైన్ నియమాల పుస్తకం, మెనూల్లో ఇష్టానుసారం గుర్తులు పెట్టవద్దని, అవి చిందరవందరగా కనిపించి జనాన్ని తికమక పెడతాయని హెచ్చరించింది. అలా చెప్పడానికి ఇంకో మంచి కారణం కూడా ఉంది. మాక్ మెనూలో ఎడమవైపు జాగా టిక్కు గుర్తుది. ఒక సెట్టింగ్ ఆన్‌లో ఉందని ఆ టిక్కు చెబుతుంది. ఆ జాగాలో కనబడే గుర్తు అంటే ఒక కబురు. అదేచోట కబురేమీ లేని అలంకారాన్ని నింపితే టిక్కు బలం తగ్గుతుంది. కొత్త నియమాల్లో ఆపిల్ ఐకాన్లను ప్రోత్సహిస్తూనే, ఒకే కోవకు చెందిన ఆదేశాలకు విడివిడిగా కాక మొదటిదానికి ఒక్క గుర్తు చాలంటోంది. ఆ ఒక్క జాగ్రత్తనైనా పట్టించుకుంటే మెనూలు కొంత తేలికపడతాయి.

ఐకాన్ నిజంగా పనికొచ్చే చోట్లున్నాయి, వాటిని తోసిపుచ్చడం అన్యాయం. ఫలితమే ఒక ఆకారమైనప్పుడు బొమ్మను మించింది లేదు. పట్టికకు ఏ వైపు గీత కావాలి, పేరాను ఎటు సర్దాలి, రెండు కిటికీలను తెరమీద ఎలా పంచాలి అన్నవాటిని మాటల్లో చెప్పబోతే చేంతాడంత అవుతుంది. విండోస్ 11లో కిటికీలను సర్దే పటాలకు మాటల్లేవు, అవసరమూ లేదు. అలాగే మెనూలో ఉన్నది పని కాక వస్తువైనప్పుడు కూడా బొమ్మ మేలే. ‘దీంతో తెరువు’ అన్నప్పుడు వచ్చే యాప్‌ల జాబితాలో ఒక్కో యాప్ బొమ్మ దాని ముఖమే. మొదట్లో చెప్పిన గ్నోమ్ నిర్ణయంలో నాకు నచ్చేది ఇక్కడే ఉంది. వాళ్ళు బొమ్మలన్నింటినీ గుడ్డిగా తీసేయలేదు. యాప్‌లు, ఫైళ్ళు, బుక్‌మార్కులు, పరికరాలు, అంటే వస్తువులు ఉన్న వరుసల్లో ఉంచి, పనుల వరుసల్లో తీసేశారు. తెలిసి చేసినా తెలియక చేసినా అది 1981 నాటి స్టార్ విభజనే.

ఇంతవరకూ చెప్పిందంతా చదువు వచ్చినవాళ్ళ గురించి. చదవలేనివాళ్ళ మాటేమిటి? మన దేశంలో ఐకాన్లకు అతి బలమైన వాదన ఇదే. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో ఇంద్రాణి మేధీ, ఆమె సహచరులు దీనిమీద ఓపిగ్గా పనిచేశారు. 2007లో ప్రచురించిన అధ్యయనంలో చదువురాని 200 మందికి 13 జబ్బు లక్షణాలను అక్షరాలు, గీసిన బొమ్మ, ఫొటో, వీడియో, కదిలే బొమ్మ అనే ఐదు రూపాల్లో, మాట వినిపిస్తూ కొన్నిసార్లు, వినిపించకుండా కొన్నిసార్లు చూపారు. బొమ్మలో ఎన్ని వివరాలుంటే అంత బాగా అర్థమవుతుందన్న నమ్మకం అక్కడ నిలబడలేదు. గొంతు తోడైతే సాధారణంగా త్వరగా అర్థమైంది, ఐతే చూపూ వినికిడీ రెండూ కలిసినప్పుడు కొందరు తికమకపడ్డారు కూడా. చదువురానివాళ్ళ కోసమని చెప్పి మాటలు తీసేసి బొమ్మలు మిగిల్చితే మేలు జరిగిపోతుందనుకోవడం తొందరపాటు. వాళ్ళకు కావాల్సింది చెప్పే గొంతు, ఓపిగ్గా చేసిన పరీక్ష.

వీళ్ళకూ, బాగా చదివేవాళ్ళకూ మధ్య మన రెండు రాష్ట్రాల్లో ఇంకో పెద్ద గుంపుంది. తెలుగు సాఫీగా చదువుతారు, ఇంగ్లిష్ మెనూలో మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. వాళ్ళకు పక్కనున్న బొమ్మ నిజంగానే ఊతం. దాన్ని కాదనను. కానీ ఆ ఊతం ఎందుకు కావాల్సి వచ్చింది? మెనూ తెలుగులో లేనందుకు. తెలుగు మాట పొడవని, ఒత్తులూ గుడులూ చిన్న బటన్‌లో ఇమడవని చెప్పి ఐకాన్‌తో సరిపెట్టడం పరిష్కారం కాదు. వరుస ఎత్తు కాస్త పెంచితే తెలుగు హాయిగా పడుతుంది.

ఫోన్లలో పరిస్థితి ఇంకా కష్టం. కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తు మీద మౌస్ ఆపితే సాధారణంగా పేరు కనిపిస్తుంది. వేలికి చాలాచోట్ల ఆ వెసులుబాటు లేదు. ముట్టుకుంటే పని జరిగిపోతుంది. డబ్బు పంపే యాప్‌లో, ఫొటోలు చెరిపే యాప్‌లో, ముట్టుకుని చూద్దాం అనే ధైర్యం పెద్దవయసువాళ్ళకు ఎక్కడినుంచి వస్తుంది? పోనీ గుర్తులైనా అందరివీ ఒకటా? ‘షేర్’ చేయడానికి ఆండ్రాయిడ్‌లో గీతలతో కలిపిన మూడు చుక్కలు, ఐఫోన్‌లో పెట్టెలోంచి పైకి లేచే బాణం. ఫోన్ మార్చినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి.

చూపులేనివాళ్ళ సంగతి చాలామంది తయారీదారులకు గుర్తే రాదు. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ తెరమీది మాటను చదివి వినిపిస్తుంది. ఐకాన్‌కు లోపల పేరు రాయకపోతే తరచూ ‘బటన్’ అని మాత్రం అంటుంది, పక్కదాన్నీ ‘బటన్’ అనే అంటుంది. వెబ్ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ అర్థమున్న బొమ్మకు తప్పకుండా అక్షర రూపం ఉండాలంటాయి. 2018లో వచ్చిన 2.1 రూపం అర్థానికి అవసరమైన బొమ్మ గీతకూ వెనక రంగుకూ కనీసం 3:1 తేడా ఉండాలని చేర్చింది. లేత బూడిద రంగులో సన్నగీతతో గీసే నేటి ఐకాన్లు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. మరోపక్క, చదవడంలో ఇబ్బందులున్నవారికి, మతిమరుపు మొదలైనవారికి మాట పక్కన తేటగా ఉండే గుర్తు మేలు చేస్తుందని ఆ ప్రమాణాలను రూపొందించిన సంస్థే విడిగా ఇచ్చిన సూచనల్లో చెప్పింది. బొమ్మలు పూర్తిగా వద్దనేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

వీటన్నిటినీ తూచి చూస్తే నా తీర్పు ఇది. మెనూలో మాట ఎప్పటికీ ఉండాలి. బొమ్మ వస్తువుకు పెట్టండి, ఆకారమున్న ఫలితానికి పెట్టండి, మెనూ బయట బటన్‌గా కనబడబోయే నాలుగైదు పనులకు పెట్టండి. మిగతావాటికి ఖాళీ వదలండి. ఖాళీగా ఉందని భయపడి గీసిన బొమ్మ వాడేవాళ్ళకు బరువు.

అమెరికాలో భద్రతా గుర్తులకు ఏఎన్ఎస్ఐ జెడ్535.3 అనే ప్రమాణం ఉంది. మాట తోడులేకుండా గుర్తును పెట్టాలంటే పరీక్షలో కనీసం 85 శాతం మంది దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి, ప్రమాదకరంగా తప్పు అర్థం తీసుకున్నవాళ్ళు 5 శాతం మించకూడదు. మెనూ ఐకాన్లకు అలాంటి తప్పనిసరి పరీక్ష లేదు. తెలుగువాళ్ళ కోసం యాప్‌లు, ప్రభుత్వ పోర్టళ్ళు చేస్తున్నవాళ్ళు దాన్ని తమకు తామే పెట్టుకోవాలని నా విన్నపం. ఖర్చేమీ కాదు. మీ మెనూలోని ఐకాన్లను మాటలు లేకుండా కాగితం మీద అచ్చు వేయండి. మీ ఆఫీసులో వాళ్ళకు కాదు, రేషన్ షాపు దగ్గర, బ్యాంకు వరుసలో నిలబడ్డవాళ్ళకు చూపించి, ఇది నొక్కితే ఏం జరుగుతుందనుకుంటున్నారో అడగండి. పది మందిలో ఎనిమిది తొమ్మిది మంది చెప్పలేకపోయిన బొమ్మనే కాదు, ఇద్దరు ముగ్గురు చెప్పలేకపోయిన బొమ్మను కూడా తీసేయండి. దాని పేరును తెలుగులో, కళ్ళద్దాలు లేకుండా చదవగలిగే సైజులో రాయండి.